సముద్రపు నాచు నుంచి హైడ్రోజన్ ఇంధనం: తార్నాక పరిశోధనలు, వాస్తవ పరిస్థితి

ప్రత్యేక వ్యాసం
(పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం)

హైదరాబాద్: సముద్రపు నాచును సూక్ష్మజీవుల సాయంతో పులియబెట్టి హైడ్రోజన్ ఇంధనాన్ని ఉత్పత్తి చేయవచ్చునన్న అంశం పత్రికలలోనూ, ప్రభుత్వ కార్యాలయాలకు అందే ప్రతిపాదనలలోనూ తరచుగా ప్రస్తావనకు వస్తున్నది. వినడానికి ఇది కొత్త విషయంగా తోచినప్పటికీ, దీనికి ఆధారమైన విజ్ఞానంలో చెప్పుకోదగిన భాగం హైదరాబాద్ నగరంలోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ, దానిని ఆనుకుని ఉన్న తార్నాకలోనూ మూడు దశాబ్దాలకు పైగా రూపుదిద్దుకుంటూ వచ్చింది. ఈ రంగంలో ఇంతవరకు సాధ్యమైనదేమిటి, ప్రయోగశాల గడప దాటనిదేమిటి, ప్రతిపాదనలను పరిశీలించేటప్పుడు ఏయే లెక్కలు సరిచూసుకోవాలి అన్న విషయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

హైడ్రోజన్ ఆవశ్యకత

పాఠ్యపుస్తకాలలో ఉదజనిగా పరిచయమైన హైడ్రోజన్ మూలకాలన్నింటిలోకీ తేలికైనది. ఒక కిలో హైడ్రోజన్‌లో సుమారు 120 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఒక కిలో పెట్రోలులో ఉండే శక్తి సుమారు 44 మెగాజౌళ్లు మాత్రమే. ఇంధన ఘటంలో హైడ్రోజన్‌ను వినియోగించి విద్యుత్తును తయారు చేసినప్పుడు వెలువడేది నీరే. అయితే హైడ్రోజన్ భూమిలో తవ్వుకుంటే విరివిగా దొరికే ఇంధనం కాదు. మన దేశంలో ఎరువుల కర్మాగారాలు, చమురు శుద్ధి కర్మాగారాలు వినియోగిస్తున్న హైడ్రోజన్‌లో అత్యధిక భాగం సహజ వాయువు నుంచి తయారవుతున్నది. ఆ పద్ధతిలో పెద్దఎత్తున కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.

ఈ పరిస్థితిని మార్చే లక్ష్యంతో కేంద్ర మంత్రివర్గం 2023 జనవరి 4న జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను 19,744 కోట్ల రూపాయల వ్యయంతో ఆమోదించింది. 2030 నాటికి ఏటా కనీసం 50 లక్షల టన్నుల హరిత హైడ్రోజన్ ఉత్పత్తి సామర్థ్యాన్ని సాధించడం దీని లక్ష్యం. అదే సంవత్సరం ఆగస్టులో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఒక కిలో హైడ్రోజన్ తయారీలో వెలువడే ఉద్గారాలు 2 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన పరిమాణాన్ని మించనప్పుడే దానిని హరిత హైడ్రోజన్‌గా పరిగణిస్తారు. విద్యుత్తుతో నీటిని విడగొట్టే పద్ధతితో పాటు జీవపదార్థం నుంచి తయారు చేసే పద్ధతికి కూడా ఈ ప్రమాణాలలో చోటు కల్పించడం గమనార్హం. సముద్రపు నాచు ఈ రెండవ కోవలోకి వస్తుంది.

గోబర్ గ్యాస్ గొట్టంలో కనిపించని హైడ్రోజన్

ఈ పద్ధతిని అర్థం చేసుకోవడానికి పల్లెలలో అందరికీ తెలిసిన గోబర్ గ్యాస్ తొట్టిని ఉదాహరణగా తీసుకోవచ్చు. గాలి చొరబడని తొట్టిలో పేడ పులిసినప్పుడు పొయ్యి వెలిగించే మీథేన్ వాయువు వస్తుంది. అయితే పేడ ఒక్కసారిగా మీథేన్‌గా మారదు. మొదట ఒక జాతి సూక్ష్మజీవులు పేడలోని పిండిపదార్థాలను చక్కెరలుగా విడగొడతాయి. తరువాత ఆ చక్కెరలు ఎసిటిక్ ఆమ్లం, బ్యుటిరిక్ ఆమ్లం వంటి సేంద్రియ ఆమ్లాలుగా, హైడ్రోజన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారతాయి. చివరి దశలో మీథేన్‌ను తయారు చేసే మరో జాతి సూక్ష్మజీవులు ఆ ఆమ్లాలను, హైడ్రోజన్‌ను వినియోగించుకుంటాయి. అందువల్ల తొట్టిలో హైడ్రోజన్ పుడుతున్నప్పటికీ గొట్టం వరకు రాదు.

శాస్త్రవేత్తలు చేసేదల్లా ఈ ప్రక్రియను నడిమి దశలో నిలిపివేయడమే. ఆక్సిజన్ లేని చోట చక్కెరను విడగొట్టుకునే సూక్ష్మజీవి తనలో మిగిలిపోయే ఎలక్ట్రాన్లను ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. క్లాస్ట్రీడియం వంటి బ్యాక్టీరియా హైడ్రోజనేజ్ అనే ఎంజైమ్ సాయంతో వాటిని హైడ్రోజన్ వాయువు రూపంలో వదులుతుంది. ఈ బ్యాక్టీరియా ప్రతికూల పరిస్థితులలో గట్టి సిద్ధబీజాలుగా మారి వేడిని తట్టుకోగలదు. మీథేన్‌ను తయారు చేసే సూక్ష్మజీవులకు ఆ శక్తి లేదు. కనుక పులియబెట్టడానికి తోడుగా వేసే బురదను ముందుగా బాగా వేడి చేసినా, ఆమ్లంతో శుద్ధి చేసినా మీథేన్ జాతి చాలావరకు నశించి హైడ్రోజన్ జాతి మిగులుతుంది. వెలుతురు అవసరం లేని ఈ పద్ధతిని చీకటి కిణ్వనం అని వ్యవహరిస్తున్నారు.

వెలుతురుతో నడిచే మరో పద్ధతి కూడా ఉన్నది. ఊదారంగు బ్యాక్టీరియాగా పేరొందిన కొన్ని సూక్ష్మజీవులు సూర్యరశ్మిని గ్రహించి సేంద్రియ ఆమ్లాల నుంచి హైడ్రోజన్‌ను విడుదల చేస్తాయి. అమెరికా శాస్త్రవేత్తలు హోవర్డ్ గెస్ట్, మార్టిన్ కామెన్ 1949లో ఈ ధర్మాన్ని వెల్లడించారు. దీనిని కాంతి కిణ్వనం అంటారు. చీకటి కిణ్వనంలో మిగిలిపోయే ఆమ్లాలే కాంతి కిణ్వనానికి ముడిసరుకు కావడం ఇక్కడ కీలకమైన విషయం.

ఉస్మానియా పేరు మోస్తున్న బ్యాక్టీరియా

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఈ రెండవ పద్ధతిలో విశిష్ట స్థానం ఉన్నది. చింతలపాటి శశికళ, చింతలపాటి వెంకట రమణ, పి. రఘువీర్ రావు తదితర పరిశోధకులు ఊదారంగు బ్యాక్టీరియాపై ఇక్కడ విస్తృతంగా కృషి చేశారు. వారు అధ్యయనం చేసిన రోడోబ్యాక్టర్ స్ఫెరాయిడిస్ అనే బ్యాక్టీరియాలో ఒక రకానికి ఓ.యు.001 అనే పేరు స్థిరపడింది. ఆ పేరులోని రెండు అక్షరాలు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి సంకేతం. హైడ్రోజన్ గరిష్ఠంగా వెలువడడానికి అనువైన పరిస్థితులను వివరించే పరిశోధన పత్రాన్ని 1991లోనూ, డిస్టిలరీ వ్యర్థ జలాల నుంచి ఇదే బ్యాక్టీరియాతో హైడ్రోజన్‌ను రాబట్టిన తీరును వివరించే పత్రాన్ని 1992లోనూ వారు అంతర్జాతీయ హైడ్రోజన్ ఇంధన పత్రికలో ప్రచురించారు.

జర్మనీలోని జాతీయ సూక్ష్మజీవుల భాండాగారంలో ఓ.యు.001ను 5864 సంఖ్యతో భద్రపరిచారు. అక్కడి నుంచి అది ఇతర దేశాల ప్రయోగశాలలకు చేరింది. తుర్కియే రాజధాని అంకారాలోని మిడిల్ ఈస్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిపై అనేక సంవత్సరాలు ప్రయోగాలు నిర్వహించారు. ఆలివ్ నూనె మిల్లుల వ్యర్థ జలాల నుంచి ఈ బ్యాక్టీరియాతో హైడ్రోజన్‌ను ఉత్పత్తి చేసిన ఫలితాలను 2004లో ప్రకటించారు. హైదరాబాద్‌లో డిస్టిలరీ నీటితో మొదలైన పని అంకారాలో ఆలివ్ నీటితో కొనసాగిందని చెప్పవచ్చు. ఈ రంగంలో కృషి చేస్తున్న విదేశీ శాస్త్రవేత్తలకు ఓ.యు.001 సుపరిచితమైన పేరు కాగా, ఆ పేరు పుట్టిన నగరంలో ఈ విషయం తెలిసినవారు తక్కువ.

తార్నాకలో వ్యర్థ జలాల నుంచి హైడ్రోజన్

విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరువలో, ఉప్పల్ వెళ్లే దారిలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ, అంటే ఐఐసీటీ ఉన్నది. 1944లో హైదరాబాద్ సంస్థానంలో కేంద్ర ప్రయోగశాలలుగా ప్రారంభమైన ఈ సంస్థ 1956లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి పరిధిలోకి వచ్చి ప్రాంతీయ పరిశోధనా ప్రయోగశాలగా మారింది. 1989లో ప్రస్తుత నామధేయం వచ్చింది.

ఈ సంస్థలో డాక్టర్ ఎస్. వెంకట మోహన్, డాక్టర్ పి.ఎన్. శర్మ తదితరులు 2000 దశాబ్దంలో చీకటి కిణ్వనంపై పరిశోధనలు సాగించారు. డెయిరీ వ్యర్థ జలాల నుంచి హైడ్రోజన్ ఉత్పత్తిపై 2007లో ఫలితాలు ప్రచురించారు. తోడుగా వేసే బురదలో మీథేన్ జాతిని అణచివేసేందుకు వేడి, ఆమ్లం, రసాయన పద్ధతులలో ఏది మేలైనదో 2008లో వెల్లడైన అధ్యయనంలో పోల్చి చూశారు. చీకటి కిణ్వనం అనంతరం మిగిలిన ఆమ్ల జలాలను కాంతి కిణ్వనానికి అందించి అదనంగా హైడ్రోజన్‌ను రాబట్టిన ప్రయోగాలు 2009లో వెలువడ్డాయి. సూక్ష్మ శైవలాల నుంచి నూనె తీసిన తరువాత మిగిలే పిప్పిని హైడ్రోజన్ ఉత్పత్తికి వాడిన ప్రయోగం 2014 నాటిది. అదే సంవత్సరం డాక్టర్ వెంకట మోహన్‌కు ఇంజనీరింగ్ శాస్త్రాలలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది.

ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టం చేయవలసి ఉన్నది. తార్నాకలో జరిగిన ఈ కృషి ప్రధానంగా వ్యర్థ జలాలు, ఆహార వ్యర్థాలపై జరిగింది. సముద్రపు నాచుకు అన్వయించదగిన పద్ధతులు, అనుభవం ఇక్కడ ఉన్నాయని చెప్పడం సమంజసం. నాచుతో నడిచే హైడ్రోజన్ కర్మాగారం ఇక్కడ ఉన్నదని రాయడం సమంజసం కాదు.

సముద్రపు నాచు ప్రత్యేకత

చెరకు, మొక్కజొన్న వంటి పంటల నుంచి ఇంధనం తీస్తే సాగుభూమి, సాగునీరు, ఆహారం మూడింటితోనూ పోటీ ఏర్పడుతుంది. వరిగడ్డి, కట్టె వంటివాటిలో చక్కెరలను లిగ్నిన్ అనే గట్టి పదార్థం పట్టి ఉంచుతుంది. సముద్రపు నాచుకు పొలం అక్కరలేదు, మంచినీరు అక్కరలేదు, ఎరువు కూడా అక్కరలేదు. నాచులో లిగ్నిన్ దాదాపు ఉండదు కనుక అది త్వరగా విచ్ఛిన్నమవుతుంది. గోధుమవర్ణపు నాచులో ఆల్జినేట్, లామినారిన్, మానిటాల్ ఉంటాయి. ఎర్ర నాచులో అగార్, క్యారజీనన్ లభిస్తాయి. పచ్చ నాచులో ఉల్వాన్, పిండిపదార్థం ఉంటాయి. వీటిలో మానిటాల్ సులభంగా పులుస్తుంది. దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు లామినేరియా జాతి గోధుమవర్ణపు నాచును పులియబెట్టి హైడ్రోజన్‌ను రాబట్టే ప్రయోగాలు చేపట్టడానికి ఇదొక కారణం.

తెలుగు తీరంలో నాచు గురించిన శాస్త్రీయ సమాచారం కొత్తది కాదు. ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖపట్నం తీరంలోని రాళ్లపై పెరిగే నాచు జాతులను అధ్యయనం చేసి 1964లోనే ప్రచురించారు. నాచు పట్టుకుని పెరగడానికి రాతి నేల కావాలి. విశాఖ పరిసరాలలో అటువంటి రాళ్లు ఉన్నాయి. కోస్తాలో అధిక భాగం ఇసుక తీరం, నదీముఖాల బురద నేల కావడంతో సహజంగా లభించే నాచు పరిమితం. అందువల్ల పెద్దఎత్తున ముడిసరుకు కావాలంటే తమిళనాడులోని రామనాథపురం జిల్లాలో మాదిరిగా తెప్పలపై, తాళ్లపై సాగు చేయవలసి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచు సాగు కోసం 640 కోట్ల రూపాయలు ప్రత్యేకించింది.

లెక్క చెబుతున్నదేమిటి?

చీకటి కిణ్వనంలో ఒక గ్లూకోజ్ అణువు నుంచి సిద్ధాంతరీత్యా గరిష్ఠంగా 4 హైడ్రోజన్ అణువులు వస్తాయి. ప్రక్రియ బ్యుటిరిక్ ఆమ్లం వైపు మళ్లితే రెండే వస్తాయి. గ్లూకోజ్‌లోని శక్తి మొత్తాన్నీ రాబట్టగలిగితే 12 అణువులు రావాలి. అంటే చీకటి కిణ్వనం ఎంత సమర్థంగా నడిచినా మూడింట ఒక వంతు మాత్రమే చేతికి వస్తుంది. మిగిలిన రెండు వంతులు ఎసిటిక్ ఆమ్లం రూపంలో ద్రవంలోనే ఉండిపోతాయి. ఒక గ్లూకోజ్ అణువుకు రెండు ఎసిటిక్ ఆమ్ల అణువులు మిగులుతాయి. ఒక్కొక్క దాని నుంచి కాంతి కిణ్వనంలో సిద్ధాంతరీత్యా 4 చొప్పున 8 హైడ్రోజన్ అణువులు రావచ్చు. మొదటి 4, తరువాతి 8 కలిపితే 12 అవుతాయి. ఐఐసీటీలో సాగిన చీకటి కిణ్వన పరిశోధన, ఉస్మానియాలో సాగిన ఊదారంగు బ్యాక్టీరియా పరిశోధన ఒకే లెక్కలోని రెండు భాగాలని ఈ కూడిక తెలియజేస్తున్నది.

దీనిని బరువులలోకి మార్చి చూద్దాం. ఒక కిలో గ్లూకోజ్ నుంచి చీకటి కిణ్వనంలో గరిష్ఠంగా వచ్చే హైడ్రోజన్ సుమారు 44 గ్రాములు. అప్పుడే తీసిన నాచులో నూటికి 85 పాళ్లు నీరు, ఎండిన సరుకులో సగం పిండిపదార్థాలు అనుకుంటే, 100 కిలోల పచ్చి నాచు నుంచి పులియడానికి అనువైన పదార్థం ఏడున్నర కిలోలు లభిస్తుంది. దాని నుంచి వచ్చే హైడ్రోజన్ సిద్ధాంతరీత్యా సుమారు 330 గ్రాములు. అనగా ఒక కిలో హైడ్రోజన్‌కు కనీసం 300 కిలోల పచ్చి నాచు అవసరం. ఆచరణలో దిగుబడి సిద్ధాంతంలో సగమే ఉన్నదనుకుంటే 600 కిలోలు కావాలి. ఇది కేవలం అవగాహన కోసం వేసిన లెక్క. నాచు జాతి, ఋతువు, పద్ధతులను బట్టి ఇది మారుతుంది. ఒక కిలో హైడ్రోజన్‌తో ఇంధన ఘటపు కారు సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించగలదు. నీటిని విడగొట్టే పద్ధతిలో అదే కిలోకు 50 నుంచి 55 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. ఏ ప్రతిపాదననైనా ఈ రెండింటితో పోల్చి చూడవలసి ఉంటుంది.

ప్రధాన అవరోధాలు

దిగుబడి పరిమితితో పాటు మరికొన్ని చిక్కులు ఉన్నాయి. నాచులో ఉప్పు అధికం. అది మోతాదు మించితే బ్యాక్టీరియా పనితీరు మందగిస్తుంది. కడిగి ఉప్పు తొలగించాలంటే మంచినీరు కావాలి, అప్పుడు మంచినీరు అక్కరలేదన్న ప్రయోజనం కొంత తగ్గిపోతుంది. నాచులోని గంధక సంబంధ పదార్థాల వల్ల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే దుర్వాసన గల విషవాయువు వెలువడుతుంది. అది ఇంధన ఘటాలను దెబ్బతీస్తుంది. చక్కెరలను విడగొట్టేందుకు నాచును ఆమ్లంతో ఎక్కువగా వేడి చేస్తే బ్యాక్టీరియాకు హాని చేసే ఉప ఉత్పత్తులు తయారవుతాయి. కాంతి కిణ్వనం విషయంలో, ద్రవంలో అమ్మోనియా ఉంటే ఊదారంగు బ్యాక్టీరియా హైడ్రోజన్ ఉత్పత్తిని నిలిపివేస్తుంది. పైగా వెలుతురు లోతుకు చొచ్చుకుపోదు కనుక లోతు తక్కువ గల విశాలమైన పారదర్శక పాత్రలు కావాలి.

వెలువడే వాయువు కూడా శుద్ధమైన హైడ్రోజన్ కాదు, అందులో కార్బన్ డయాక్సైడ్ గణనీయంగా కలిసి ఉంటుంది. వాహనాల ఇంధన ఘటాలకు 99.97 శాతం శుద్ధత అవసరం. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత మోతాదులో ఉన్నా హైడ్రోజన్ అంటుకుంటుంది. దాని మంట పగటి వెలుతురులో దాదాపు కంటికి కనిపించదు. కనుక శుద్ధి, నిల్వ, భద్రత ఖర్చులను కూడా అంచనాలో చేర్చవలసి ఉంటుంది.

బోయినపల్లి అనుభవం

ప్రయోగశాలలోని విజ్ఞానం ప్రజల వద్దకు చేరడానికి ఏమేమి అవసరమో బోయినపల్లి కూరగాయల మార్కెట్ తెలియజేస్తున్నది. ఐఐసీటీ రూపొందించిన సాంకేతిక పరిజ్ఞానంతో అక్కడ నెలకొల్పిన జీవవాయు కేంద్రాన్ని ప్రధానమంత్రి 2021 జనవరి 31న ఆకాశవాణి ప్రసంగంలో ప్రస్తావించారు. రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి దాదాపు 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల జీవ ఇంధనం వస్తున్నట్లు అప్పట్లో వెల్లడించారు. అక్కడ తయారైనది మీథేన్ ప్రధానమైన జీవవాయువు, హైడ్రోజన్ కాదు.

ఆ కేంద్రం నిలదొక్కుకోవడానికి అనుకూలించిన అంశాలు మూడు. ముడిసరుకు ప్రతిరోజూ ఒకేచోట పోగుపడుతున్నది. దానిని తొలగించడం మార్కెట్‌కు ఎలాగూ తప్పని ఖర్చు. తయారైన ఇంధనం, విద్యుత్తు దగ్గరలోనే వినియోగమవుతాయి. నాచు విషయంలో ఈ మూడూ ఇంకా సమకూరవలసి ఉన్నాయి. నాచు ఋతువును బట్టి లభిస్తుంది, తడి సరుకును దూరం మోస్తే రవాణా ఖర్చు పెరుగుతుంది, నిల్వ ఉంచితే చెడిపోతుంది. అన్నింటికంటే ముఖ్యంగా అగార్, ఆల్జినేట్, క్యారజీనన్ వంటి పదార్థాలకు ఆహార, ఔషధ పరిశ్రమలలో ఇంధనం కంటే మెరుగైన ధర లభిస్తుంది.

ఈ కారణాల వల్ల నాచునంతటినీ ఇంధనంగా మార్చడం కంటే, విలువైన పదార్థాలను తీసిన తరువాత మిగిలే పిప్పిని పులియబెట్టి ముందు హైడ్రోజన్‌ను, ఆపై మిగిలిన ఆమ్లాల నుంచి మీథేన్‌ను లేదా జీవ ప్లాస్టిక్‌ను, చివరి మడ్డి నుంచి ఎరువును రాబట్టే విధానం ఆచరణకు దగ్గరగా కనిపిస్తున్నది. ఆమ్ల జలాల నుంచి జీవ ప్లాస్టిక్ తయారీపై కూడా ఐఐసీటీలో పరిశోధనలు జరిగాయి.

గమనించవలసిన అంశాలు

ఈ అంశంపై వార్తలు రాసే పాత్రికేయులు, ప్రతిపాదనలను పరిశీలించే అధికారులు దిగువ విషయాలను సరిచూసుకోవడం మంచిది.

1. ప్రకటించిన ఫలితం ఎంత పరిమాణం గల పాత్రలో వచ్చింది? లీటరు సీసాలో వచ్చిన దిగుబడి వేల లీటర్ల తొట్టిలో రావాలన్న నియమం లేదు.

2. దిగుబడిని పచ్చి నాచుకు లెక్కించారా, ఎండిన నాచుకా, అందులోని చక్కెరకా? ఇవి ఒకదానితో మరొకటి పోల్చదగినవి కావు.

3. నాచును వేడి చేయడానికి, కలియబెట్టడానికి, వాయువును శుద్ధి చేయడానికి ఖర్చయిన విద్యుత్తును లెక్కలో చూపారా? 2 కిలోల ఉద్గార పరిమితి తేలేది ఇక్కడే.

4. మిగిలిన ఆమ్ల జలాలను ఏమి చేస్తారు? దీనికి సమాధానం లేని ప్రతిపాదన మూడింట రెండు వంతుల శక్తిని మురుగు కాలువలోకి వదిలినట్లే.

5. ఆంధ్రప్రదేశ్‌లోని పూడిమడకలో 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిన హరిత హైడ్రోజన్ కేంద్రం వంటివి విద్యుత్తుతో నీటిని విడగొట్టే పద్ధతికి చెందినవి. వాటి గణాంకాలను జీవ హైడ్రోజన్‌కు అన్వయించరాదు.

6. నాచు సాగు చేసే కుటుంబానికి సరుకు కొనేవారు ఎవరు, ధర ఎంత అన్నది ముందుగా తేలిందా? తీరప్రాంత కుటుంబాలు అప్పు చేసి తెప్పలు కట్టిన తరువాత పరిశోధన ఇంకా పూర్తికాలేదని చెప్పడం న్యాయం కాదు.

ముగింపు

సూక్ష్మజీవులతో హైడ్రోజన్ తయారీ సాధ్యమేనని ఉస్మానియా, తార్నాక పరిశోధనలు నిరూపించాయి. నాచు అందుకు తగిన ముడిసరుకేనని దేశవిదేశాల ప్రయోగాలు సూచిస్తున్నాయి. చౌకగా, నిలకడగా, పెద్దఎత్తున ఉత్పత్తి చేయడం ఇంకా సాధించవలసిన లక్ష్యం. చీకటి కిణ్వనం, కాంతి కిణ్వనం రెండింటిలోనూ అనుభవం గల నగరం హైదరాబాద్. రాళ్ల తీరం, నాచు గురించిన ఆరు దశాబ్దాల శాస్త్రీయ సమాచారం గల నగరం విశాఖపట్నం. ఈ రెండు చోట్ల సమకూరిన విజ్ఞానాన్ని ఒకచోట చేర్చి, తీరప్రాంత ప్రజల ఆదాయాన్ని దృష్టిలో ఉంచుకుని ముందుకు సాగినప్పుడే సముద్రపు నాచు హైడ్రోజన్ వార్తగా మిగిలిపోకుండా వినియోగంలోకి వస్తుంది.